హైదరాబాద్ గెలిచిన కప్పులు ఎవరి ఖాతాలో రాయాలి?

మొగుళ్లపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి మన విషయం ఆటలు. ఎవరు బాగా ఆడారు, ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు అనేది కాదు. గెలిచిన కప్పు ఎవరిది, ఆ లెక్క ఎవరు రాస్తారు అనేది మాట్లాడుకుందాం. ఇదేం పెద్ద విషయం, కప్పు మీద పేరు రాసే ఉంటది గదా అనుకోవచ్చు. ఉంటది. కానీ ఆ పేరున్న టీమే లేకుండా పోతే? ఆ పేరున్న రాష్ట్రమే లేకుండా పోతే?

ముందు మనందరికీ తెలిసినదాంతో మొదలుపెడతా. ఐపీఎల్ రోజుల్లో ఏ చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డా ఈ మాట వినపడతది: 'హైదరాబాద్‌కు రెండు కప్పులున్నయ్.' ఒకటి 2009లో దక్కన్ చార్జర్స్, గిల్‌క్రిస్ట్ కెప్టెన్‌గా, జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించి గెలిచింది. రెండోది 2016లో సన్‌రైజర్స్, వార్నర్ కెప్టెన్‌గా, మళ్లీ అదే బెంగళూరును ఎనిమిది పరుగులతో ఓడించి గెలిచింది. ఊరు ఒక్కటే, ఓడింది కూడా ఒక్కరే. కానీ దక్కన్ చార్జర్స్ ఫ్రాంచైజీని బోర్డు 2012లో రద్దు చేసింది. తర్వాత వచ్చిన సన్‌రైజర్స్ కొత్త ఫ్రాంచైజీ, కొత్త యజమానులు. రికార్డుల ప్రకారం సన్‌రైజర్స్‌కు ఉన్నది ఒక్కటే కప్పు. చాయ్ హోటల్ దగ్గర అన్నమాట తప్పా? 'హైదరాబాద్‌కు రెండు' అంటే తప్పు లేదు. 'సన్‌రైజర్స్‌కు రెండు' అంటే తప్పు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ఇవాళ మాట్లాడేదంతా దీని చుట్టే తిరుగుతది.

ఇలాంటి తగాదాలకు పుట్టిల్లు మాత్రం అమెరికా. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్, అంటే మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో బంతి పట్టుకొని ఉరికే ఆట. అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. విచిత్రం ఏందంటే, పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌లో ఆ సంస్థ తనంతట తాను జాతీయ చాంపియన్‌షిప్ ఎప్పుడూ పెట్టలేదు. పత్రికల వాళ్లు ఓట్లేసి ఒకరిని తేల్చేవాళ్లు, కోచ్‌లు ఇంకొకరిని, లెక్కల ఫార్ములాలు వేసేవాళ్లు మరొకరిని. అందుకే ఎవరికి నచ్చిన లిస్టు వాళ్లు పట్టుకుంటారు. అలబామా యూనివర్సిటీ తన జాతీయ టైటిల్స్‌లో 1941ని కూడా లెక్క వేసుకుంటది. ఆ ఏడు వాళ్లు రెండు మ్యాచులు ఓడారు, పత్రికల ర్యాంకింగ్‌లో 20వ స్థానం. ఒక్క మ్యాచ్ కూడా ఓడని మిన్నెసోటాకు ఆ ర్యాంకింగ్‌లో మొదటి స్థానం. అయినా ఎవరో ఒకరి ఫార్ములాలో అలబామా పైన ఉంది కాబట్టి, చాలా ఏళ్ల తర్వాత దాన్ని కూడా తమ లెక్కలో కలుపుకున్నారు.

దానికి ఎదురుగా ఇంకో కథ. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ 13 ఆడి 13 గెలిచింది. నలుగురికే చోటున్న ప్లేఆఫ్‌కు వాళ్లను పిలవలేదు. చివరి మ్యాచ్‌లో వాళ్లు ఓడించిన ఆబర్న్ టీమే, అదే సీజన్‌లో ఫైనల్‌కు వచ్చిన అలబామాను, జార్జియాను ఇద్దరినీ ఓడించింది. దాంతో 'మేమే చాంపియన్లం' అని ప్రకటించుకొని డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు తీశారు. నవ్వినవాళ్లు నవ్వారు. నాకైతే అలబామా 1941 కంటే వీళ్ల దావాలోనే న్యాయం ఎక్కువ కనపడుతుంది. వీళ్లు కనీసం ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచారు.

సరే, ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ గురించి ఈ తరం పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. 'మైదాన్' సినిమా వచ్చాక 2024లో కొంచెం పేరు వినపడింది. ఆ సినిమాకు మూలమైన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిలో టీచర్‌గా పనిచేసిన మనిషి. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం, ఇవన్నీ ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 1963లో చనిపోయారు. ఆ రహీమ్ సాబ్ చేతిలో పెరిగిన టీమే సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచారు. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్. తర్వాత ఆ టీమే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, 1961లో ఇంకో డ్యూరాండ్ తెచ్చింది. రెండు పేర్ల మీద కలిపి రోవర్స్ కప్పులు తొమ్మిది, అందులో 1962ది ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నది.

ఇక్కడే మొదటి దావా. 'ఐదేళ్లు వరుసగా ఇండియా చాంపియన్లు' అని కొంతమంది అభిమానంగా అంటారు. నా మాట వినండి, అది అనకూడదు. ఎందుకంటే అప్పుడు క్లబ్బులకు జాతీయ లీగ్ అనేదే లేదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996-97లో. అంతకుముందు డ్యూరాండ్ ఒకటి, రోవర్స్ ఒకటి, కలకత్తాలో ఐఎఫ్‌ఏ షీల్డ్ ఒకటి. మూడూ పెద్దవే, కానీ మూడూ వేరువేరు టోర్నమెంట్లు. డ్యూరాండ్‌ను సిమ్లాలో సైన్యం కోసం 1888లో మొదలుపెట్టారు. రోవర్స్ బొంబాయి వాళ్లది, 1891 నుంచి. ఏదీ 'దేశానికి చాంపియన్' అని తేల్చడానికి పెట్టింది కాదు. బొంబాయికి పోయి వరుసగా ఐదేళ్లు కప్పు పట్టుకొచ్చారు అని ఉన్నదున్నట్టు చెప్తేనే గొప్పగా ఉంది. దాని మీద లేని బిరుదు అతికిస్తే, రేపు బెంగాల్ వాళ్లు ఎవరో లేచి 'అది జాతీయ టైటిల్ కాదు' అంటారు, వాళ్లు అన్నది నిజమే అయితది, చివరికి ఆ ఐదేళ్ల గెలుపు కూడా అనుమానంలో పడతది.

మరి నిజంగా జాతీయ చాంపియన్‌షిప్ అనదగ్గది ఏది? సంతోష్ ట్రోఫీ. 1941లో మొదలైంది, రాష్ట్రాల టీములు ఆడేది. అందులో హైదరాబాద్ రెండుసార్లు, అదీ వరుసగా, 1956-57లో, 1957-58లో గెలిచింది. రెండుసార్లూ ఫైనల్‌లో ఓడింది బొంబాయి. తర్వాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరు మీద బెంగాల్‌ను ఓడించి ఇంకోటి వచ్చింది. మొత్తం మూడు. ఈ మూడూ ఎవరివి?

తారీఖులు చూడండి. హైదరాబాద్ రాష్ట్రం 1956 నవంబర్ 1న పోయింది. మరాఠ్వాడా బొంబాయి వైపు, కన్నడ జిల్లాలు మైసూరు వైపు పోయినయ్, తెలంగాణ ఆంధ్రతో కలిసింది. అంటే 1957-58 కప్పు గెలిచేనాటికి ఆ పేరుతో రాష్ట్రమే లేదు. కానీ అసోసియేషన్ ఉంది, ఆ పేరుతో టీమ్ ఉంది. రాష్ట్రం పోయినా టీమ్ పోలేదన్నమాట. ఆ తర్వాత 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఇప్పుడు మనవాళ్లు 'తెలంగాణ రెండుసార్లు సంతోష్ ట్రోఫీ విజేత' అంటారు. అటు 'ఆంధ్రప్రదేశ్ మూడుసార్లు' అని కలిపి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. రెండు మాటలూ నాకు ఒప్పవు.

మా మండలం సంగతే తీసుకోండి. 2016 అక్టోబర్ 11 దాకా మొగుళ్లపల్లి వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి భూపాలపల్లి వైపు. అంతకుముందు ఇక్కడి పోరగాళ్లు ఎవరైనా కబడ్డీలో జిల్లా ఫస్ట్ వస్తే, ఆ సర్టిఫికెట్ మీద వరంగల్ జిల్లా అనే ఉంటది. దాన్ని కొట్టేసి భూపాలపల్లి అని రాస్తే ఊరుకుంటారా? దొంగ సర్టిఫికెట్ అంటారు. అట్లని ఆ పిల్లగాడు మా ఊరివాడు కాకుండా పోతాడా? పోడు. సర్టిఫికెట్ మీద ఉన్న పేరు అట్లనే ఉండాలి, పిల్లగాణ్ని మాత్రం మావాడే అని చెప్పుకుంటాం. హైదరాబాద్ సంతోష్ ట్రోఫీలకు కూడా నేను ఇదే చెప్తా. లిస్టులో 'హైదరాబాద్' అనే ఉండాలి. వారసత్వం తెలంగాణది, టైటిల్ హైదరాబాద్‌ది. 1965-66ది ఆంధ్రప్రదేశ్‌ది. ఆ ఆంధ్రప్రదేశ్ అంటే ఇప్పటిది ఒక్కటే కాదు, అప్పటి మొత్తం రాష్ట్రం. ఇద్దరం చెప్పుకోవచ్చు, ఒకరు ఇంకొకరి పేరు తుడిచెయ్యకుండా.

క్రికెట్‌లో మాత్రం ఈ గొడవ లేదు, ఎందుకో కూడా చెప్తా. హైదరాబాద్ రంజీ ట్రోఫీ రెండుసార్లు గెలిచింది. 1937-38లో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో, 1986-87లో ఢిల్లీ మీద. మధ్యలో నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కానీ క్రికెట్‌లో హైదరాబాద్, ఆంధ్ర రెండు అసోసియేషన్లు ఎప్పుడూ కలవలేదు. రాష్ట్రం ఒక్కటే ఉన్నప్పుడు కూడా రెండు టీములు ఆడినయ్. అందుకే 1937 నాటి కప్పు మీద ఇవాళ ఎవరూ కొట్లాడరు.

ఆటగాళ్ల సంగతి ఇంకా చిక్కు. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినాడు. ఇక్కడ ఆట నేర్చుకొని కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, బెంగాల్‌లోనే స్థిరపడి, 2023లో అక్కడే చనిపోయినాడు. బెంగాల్ వాళ్లు ఆయన్ను తమవాడు అనే అంటారు. అన్నారంటే మనం కోపం తెచ్చుకోవడానికి లేదు, ఆయన్ను అన్నేళ్లు గుర్తుపెట్టుకున్నది కూడా వాళ్లే.

ఇక అసలు మంట పుట్టించేది ఈ మధ్యది. 2022 మార్చి 20, గోవా ఫటోర్డా స్టేడియం. ఐఎస్‌ఎల్ ఫైనల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేసినాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపినాడు, 3-1తో కప్పు మనది. అయితే అదే సీజన్ లీగ్‌లో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది, 43 పాయింట్లు. మనకు 38. లీగ్ షీల్డ్ వాళ్లకు పోయింది, ఆసియా చాంపియన్స్ లీగ్ దారి కూడా ఆ షీల్డ్‌తోనే. అదే ఏడు ఐ-లీగ్ గోకులం కేరళ గెలిచింది. ఇప్పుడు ఆ ఏటి జాతీయ చాంపియన్ ఎవరు? ముగ్గురు నిలబడతారు, ముగ్గురి చేతిలో ఒక్కొక్క కప్పు ఉంటది. ఏడాదంతా నిలకడగా ఆడినందుకు ఇచ్చింది షీల్డ్, కాబట్టి నన్నడిగితే జంషెడ్‌పూర్ దావా బలమైనది. హైదరాబాద్ అభిమానులు నన్ను తిట్టుకోవచ్చు. ఐఎస్‌ఎల్ చాంపియన్ అనే పేరు మాత్రం నియమాల ప్రకారం మనదే, దాంట్లో ఎవరికీ మాట లేదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఆ తర్వాత క్లబ్ డబ్బుల ఇబ్బందుల్లో పడింది, జీతాల బాకీల గొడవలు, కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని ఫిఫా ఆంక్షలు. యజమానులు మారినారు. 2025లో క్లబ్‌ను ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చినారు. అసలు హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చిందే 2019లో పుణె సిటీ క్లబ్ పోయిన జాగాలో. పుణె అభిమానులకు అప్పుడు ఎంత బాధ అయిందో మనకు ఇప్పుడు తెలిసింది.

దక్కన్ చార్జర్స్‌ది రద్దు, కాబట్టి ఆ కప్పు ఎవరి ఇంటికీ పోలేదు. ఇది అట్ల కాదు. క్లబ్ బతికే ఉంది, లైసెన్సు చేతులు మారింది, ఊరు మారింది. కాగితం ప్రకారం 2022 కప్పు ఇప్పుడు ఢిల్లీ క్లబ్ చరిత్రలో చేరుతదా? రేపు వాళ్ల జెర్సీ మీద ఒక నక్షత్రం కుట్టుకుంటే దాన్ని ఎవరు ఆపాలి? ఆ రాత్రి ఫటోర్డాలో ఢిల్లీ పేరు పెట్టి అరిచినవాడు ఒక్కడు కూడా లేడు. ఫెడరేషన్ రికార్డుల్లో 'హైదరాబాద్ ఎఫ్‌సీ, 2021-22' అని ఆ పేరుతోనే, ఆ ఊరుతోనే ఉంచాలి, పక్కన ఎవరి పేరూ చేర్చకుండా. మీరు ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో దాని మీదనే మాట్లాడుతా.