మోటారు నేర్పు పాఠశాలలు

వానలు మొగము చాటువేయు మన అనంతపురపు కఱవుసీమలో గొఱ్ఱెలనమ్మి కొడుకును మోటారు పాఠశాలలోఁ జేర్చు తండ్రులను నేనెఱుఁగుదును. రుసుము చెల్లించుటకు ముందు మూఁడు సంగతులు విచారింపుఁడని నా మనవి.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారము, నేర్పెడు కారులో గురువునకును బండి నాపు సాధనముండవలెను. కారు నేర్చువాఁడు 10 గంటలకుఁ దక్కువగాక స్వయముగాఁ దోలవలెను. శిక్షణ 21 దినములకుఁ దగ్గరాదు. తోలిన గంటలు పుస్తకమున నెక్కింపవలెను.

నాలుగు చుట్లు త్రిప్పి పత్రమిచ్చు పాఠశాల మీ ధనముతోఁ బోవదు. హైదరాబాదు-బెంగుళూరు రహదారిపైఁ బ్రాణమునకే ముప్పు దెచ్చును. కావున రసీదడుగుఁడు, గంటల పుస్తకమును జూపుమనుఁడు. పరుగెత్తించుటకన్న నిలుపుటయే ముందు నేర్వవలసిన విద్య.