లైట్ ఇచ్చేసి ఇంటికి రావడం

ఈ ఎపిసోడ్ గోదావరిఖనిలో మా ఇంటి డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో లారీల సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

నేను జర్మనీ నుంచి వచ్చేసి ఏడాది దాటింది. కలిసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "అక్కడిది ఏం మిస్ అవుతున్నవ్ రా?" స్నో అంటా, ట్రైన్లు అంటా, నవ్వి తప్పించుకుంటా. అసలు జవాబు ఇప్పటిదాకా చెప్పలేదు. ఎందుకంటే అమ్మ వింటది. "అక్కడ గంత మంచిగుంటే ఇక్కడికెందుకొచ్చినవ్?" అని ఒకసారి అడిగింది కూడా. ఆ రోజు నా దగ్గర మాట లేదు.

నేను ఉన్న ఊరు ఎస్సెన్. రూర్ అనే ప్రాంతంలో ఉంటుంది. అదీ మనలాగే బొగ్గు బెల్టే. అక్కడి త్సోల్‌ఫెరైన్ గనిని 1986లో మూసేశారు. 2001లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో పెట్టింది. పక్కనే ఉన్న బోట్రోప్‌లో చివరి గని 2018 డిసెంబర్‌లో మూతపడింది. బాయిలో దిగేవాళ్ల పిల్లాడిని కదా, అక్కడ ఆ పాత గని టవర్ చూస్తే మన ఊరే గుర్తొచ్చేది.

నేను మిస్ అయ్యేదానికి జర్మన్‌లో ఒక పేరుంది. ఫయరాబెండ్. పండుగ, సాయంత్రం అనే రెండు మాటలు కలిపి చేసింది. పని అయిపోయాక మిగిలిన సాయంత్రం అన్నమాట. చేరిన కొత్తలో ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి టీమ్‌లో ఒకాయనకు మెయిల్ పెట్టిన. పొద్దున వచ్చి, "ఏమైనా ఎమర్జెన్సీనా?" అని అడిగాడు. లేదన్న. "మరి రాత్రి ఎందుకు పని చేశావ్?" అన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నా, ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. అక్కడి చట్టం ప్రకారం ఒకరోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టేలోపు మామూలుగా 11 గంటల విరామం ఉండాలి.

ఇక్కడికొచ్చాక వర్క్ ఫ్రమ్ హోమ్. క్లయింట్ అమెరికాలో. రాత్రి తొమ్మిదికి కాల్, పదిన్నరకు ఇంకోటి. బాపు రిటైర్ అయ్యాడు, నాతో కలిసి తినాలని ఆయనకు ఆశ. "ఐదు నిమిషాలు బాపూ" అని రోజూ అంటా. పోయిన నెల ఒకరోజు పదకొండింటికి హాల్లోకొస్తే, పళ్లెం ముందు పెట్టుకుని అట్లనే కూర్చున్నాడు. నన్ను చూసి మెల్లగా అన్నాడు:

"ముప్పై ఏండ్లు బాయికి పోయిన. మూడు షిఫ్టులు చేసిన. కానీ లాంప్ రూంల లైటు ఇచ్చేసినంక నన్నెవ్వడు పిల్వలే. నీ లైటు ఎప్పుడిస్తవ్ రా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఫస్ట్ షిఫ్ట్ అయితే నాలుగింటికల్లా ఇంటికొచ్చేవాడు. స్నానం చేసి, చాయ్ తాగి, నన్ను సైకిల్ మీద చౌరస్తాకు తీసుకుపోయేవాడు. బాపు పనిచేసిన కాలంలో 1952 గనుల చట్టం ఉండేది. దాని ప్రకారం అండర్‌గ్రౌండ్‌లో మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని. ఫయరాబెండ్ నేను ఎస్సెన్‌లో మొదటిసారి చూశాననుకున్నా. చిన్నప్పుడు మా క్వార్టర్‌లోనే చూసిన.

అట్లాగని ఆ బతుకు సుఖమని చెప్పట్లే. పండుగ నాడు నైట్ షిఫ్ట్ పడేది. డబుల్ జీతం కోసం ఆదివారం ప్లేడే కూడా చేసేవాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేడు. నేను ఏసీ రూమ్‌లో కుర్చీలో కూర్చుని చేసేదాన్ని ఆయన పనితో పోల్చలేను. కానీ ఆయన పని గేటు దగ్గర ఆగేది. నాది అన్నం పళ్లెం దాకా వచ్చింది.

అమ్మా, ఈ వీడియో చూస్తవని తెలుసు. మీ దగ్గరికి రావాలనే వచ్చిన. వచ్చి కూడా మీ పక్కన కూర్చోలేకపోతున్నా. అక్కడ ఒంటరిగా ఉన్నా నా సాయంత్రం నాది. నేను మిస్ అయ్యేది అదే.

మొన్న మా మేనేజర్‌కు మెయిల్ పెట్టిన: వారంలో మూడు రోజులు ఎనిమిదిన్నర తర్వాత కాల్స్ తీసుకోలేను అని. జవాబు ఇంకా రాలే. ఏం వస్తదో తెల్వదు. కానీ ఇప్పుడు టైమ్ ఎనిమిది ఇరవై. లాప్‌టాప్ మూసేస్తున్నా. కింద బాపు పిలుస్తున్నాడు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.