మిసిసిపి బాలుర చిత్రము: ప్రేక్షకుల తీర్పు



ఈ దినమున నేను ముచ్చటింపబోవునది ఒక సినిమా సంగతి. "ఈ వయస్సున మనకు సినిమా గొడవ యెందులకు?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. కాని మీలో పెక్కురు వీధిభాగవతములను, తోలుబొమ్మలాటలను తెల్లవారులు కూర్చుండి చూచినవారు. ఆట రక్తి కట్టినదో లేదో ఒక్క మాటలో తేల్చి చెప్పగలవారు. నేను చెప్పబోవునదియు అట్టి తీర్పును గూర్చినదే కావున కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థించుచున్నాను.

2002వ సంవత్సరము డిసెంబరు మాసమున, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, ఆస్టిన్ నగరమునందొక సినిమాశాలలో, చలనచిత్రములన్న ప్రాణమిచ్చువారు కొందరు చేరిరి. ఒక పగలు, ఒక రాత్రి వరుసగా చిత్రములు చూచుట వారి వేడుక. ఆనాటి చిత్రములలో 'ది టూ టవర్స్' అనునదియు నొకటి. కోట్లకొలది డాలర్లు వ్యయించి తీసిన మహాచిత్రమది. లోకమున విడుదల కాకముందే అచట చూపుటకు ఏర్పాటైయుండెను. అది ఆరంభమగుటకు ముందు కొంత వ్యవధి మిగులగా, నిర్వాహకులు ఒక పాత వీడియో టేపును తెరపై ఆడించిరి. బొమ్మ మసకగా నుండెను. మాట సరిగా వినబడకుండెను. అందలి నటులు పిల్లలు. మొదట సభలో నవ్వులు పుట్టెను. కొంతసేపటికి ఆ నవ్వులే చప్పట్లుగా మారెను. వేళ కాగానే నిర్వాహకులు టేపు నాపి మహాచిత్రమునకు సిద్ధపడిరి. అప్పుడు సభ, తాము వేచియున్న చిత్రము వచ్చుచున్నదని సంతసింపక, పిల్లల బొమ్మను ఆపవద్దని కేకలు వేసెను.

ఆ కేకలకు కారణమేమో చూతము. మొదట కథను చెప్పవలెను.

1981లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వమున 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' అను చిత్రము వెలువడెను. కథ 1936 నాటిది. ఇండియానా జోన్సు అను నతడు కళాశాలలో పాఠములు చెప్పు పురాతత్త్వ పండితుడు. పాఠములు ముగిసినంతనే తలపై టోపి, చేత కొరడా ధరించి దేశదేశముల శిథిలాలయములలో దూరుచుండును. యూదుల ధర్మశాసనములు గల రాతిపలకలను భద్రపరచిన నిబంధన మందసము ఈజిప్టు ఇసుకలో పూడియున్నదని తెలిసి, హిట్లరు మనుష్యులు దానికై త్రవ్వించుచుందురు. వారికంటె ముందు దానిని చేజిక్కించుకొనుటకు ఇతడు బయలుదేరును. తరుముకొని వచ్చు గుండురాయి, వేలకొలది పాములు గల నేలమాళిగ, పరుగెత్తు లారీ వెనుక నేలపై ఈడ్వబడుట, ఇట్టివి అందు అడుగడుగునను ఉన్నవి. ఆ చిత్రమునకు సుమారు 2 కోట్ల డాలర్లు వ్యయమయ్యెను. జనులు విరుగబడి చూచిరి.

అట్లు చూచినవారిలో మిసిసిపి రాష్ట్రపు సముద్రతీరమున నివసించు బాలురిద్దరు గలరు. క్రిస్ స్ట్రాంపొలోస్, ఎరిక్ జాలా అని వారి పేర్లు. 1982లో, 11, 12 ఏండ్ల ప్రాయమున, వారికొక సంకల్పము కలిగెను. ఆ చిత్రమును, మొదటి ఘట్టము మొదలు తుదివరకు, తామే మరల తీయవలెనని! క్రిస్ కథానాయకుడు. ఎరిక్ దర్శకుడు, ప్రతినాయక వేషము కూడ అతనిదే. కెమెరాయు, మాయలును చూచుకొనుటకు జేసన్ లాంబ్ అను మరియొక బాలుడు వచ్చి చేరెను. ఇట్టి సంకల్పములు మన పిల్లలకును కలుగుచుండును. రెండు ఆదివారములు గడచునప్పటికి గోలీల యాటలో కలిసిపోవును. వీరిది కలిసిపోలేదు. ఏడు వేసవులు గడచి 1989లో గాని ముగియలేదు. మొత్తము వ్యయము 5 వేల డాలర్లని చెప్పుదురు. ఆ సొమ్మయినను పుట్టినరోజు కానుకలనుండియు, ఇంట నిచ్చు చిల్లర డబ్బులనుండియు కూడబెట్టినదే. అసలు చిత్రపు వ్యయములో ఇది నాలుగు వేలవ వంతు.

వారు పని యారంభించిన కాలమున ఆ చిత్రపు టేపులు అంగళ్లలో దొరకవు. సినిమాశాలకు పోయి రహస్యముగా మాటలను టేపు రికార్డరులో పట్టుకొని వచ్చిరి. అచ్చయిన పుస్తకములు చూచిరి. మిగిలినది జ్ఞాపకము. ఎరిక్ ప్రతి దృశ్యమును ముందుగా కాగితముపై బొమ్మగా వ్రాసికొనెను. గుండురాయి యొక్కటియే వారిని ముప్పుతిప్పలు పెట్టెను. వెదురుతో కట్టిన మొదటి గుండు గది ద్వారములో పట్టక లోపలనే నిలిచిపోయెను. దానిని వినినప్పుడు, ఇంటిలో బండి చేసి వాకిటనుండి బయటికి తీయలేకపోయిన వడ్రంగి కథ నాకు జ్ఞప్తికి వచ్చినది. మరికొన్ని విధముల యత్నించి, తుదకు ఫైబర్‌గ్లాసుతో చేసిన గుండు సరిగా దొర్లెను. అసలు చిత్రములోని కోతికి బదులు ఇంటి కుక్క నటించెను. నీటివిమానమునకు మారుగా పడవ వచ్చెను. జలాంతర్గామి కావలసి వచ్చినప్పుడు మాత్రము వారు వెనుకకు తగ్గలేదు. పొరుగు రాష్ట్రమగు అలబామాలో ప్రదర్శనార్థముంచిన నిజమైన యుద్ధజలాంతర్గామిపైననే అనుమతి సంపాదించి తీసిరి.

అయితే అన్నియు నవ్వదగిన సంగతులు కావు. మంటల దృశ్యమునకై ఎరిక్ ఇంటి క్రింది గదిలో నిజముగా నిప్పు పెట్టిరి. తల్లికి తెలిసి పని మాన్పించెను; పెద్దలొకరు దగ్గర నుండవలెనను కట్టుబాటుపై గాని మరల సాగలేదు. మరియొకమారు ముఖమునకు అచ్చు తీయుటకు పూసిన సున్నపుముద్ద గట్టిపడి ఊడి రాకపోగా, ఎరిక్‌ను ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చెను. ఇందు మెచ్చుకొనదగినదేమియు లేదు. ఆ బాలురు సుఖముగా బ్రతికి బయటపడుట దైవానుగ్రహము తప్ప వేరు కాదు.

ఇంక ప్రేక్షకుల మాట. దృశ్యములను వరుసతప్పి, వీలైన వేసవిలో వీలైనది తీయుటచేత, ఈ చిత్రమునందొక విపరీతము జరిగినది. ఒక దృశ్యములో కథానాయకుడు బుగ్గలు పొంగిన బాలుడు. తలుపు తెరచి అవతలికి పోవునప్పటికి గొంతు మారిన పదునేడేండ్ల యువకుడు. మరల మెట్లు దిగునప్పటికి బాలుడే. మొట్టమొదట ఇది కనిపించినప్పుడు సభలో నవ్వు చెలరేగును. నేనును నవ్వితిని. కాని ఆ నవ్వు పరిహాసము కాదని కొంతసేపటికి నాకే తెలిసినది. ఒక ద్వారము దాటినంతలో ఐదేండ్లు గడచినవి. ఆ ఐదేండ్లును ఈ పిల్లలు ఈ పనిని విడువలేదు. దానిని మనకు మాటలతో నెవరును చెప్పలేదు. ముఖమే చెప్పినది.

మరియొకటి గమనింపుడు. ఆస్టిన్ సభలోనివారికి కథ యంతయు కంఠస్థము. నాయకుడు గుండురాతినుండి తప్పించుకొనునా, పాములనుండి బయటపడునా యను ఆదుర్దా వారికి లేదు. అయినను వారు కుర్చీల అంచున కూర్చుండి చూచిరనగా, వారి ఆదుర్దా వేరొకటి. "అదిగో, లారీ ఘట్టము వచ్చుచున్నది, ఈ పిల్లలు దానినేమి చేయుదురు?" అనునది. లారీ వచ్చినది, నిజమైన లారీయే, బాలుడు నిజముగా దాని వెనుక ఈడ్వబడినాడు. అప్పుడు సభ పొంగిపోయినది.

ఇది మీరెరుగని సంగతి కాదు. ప్రహ్లాద నాటకమున స్తంభము పగులునని ఎవరికి తెలియదు? మా యూర చిన్ననాట చూచిన ఆటలో స్తంభము వెదురుబద్దలపై అతికించిన రంగుకాగితము. ఇద్దరు మనుష్యులు తెర పట్టుకొని నిలుచుండిరి. వారిలో నొకడు నడుమ నడుమ చుట్ట త్రాగుచుండెను. అయినను నరసింహస్వామి వేషము వెడలినప్పుడు ముందు వరుసలోని ముసలివారు లేచి నమస్కరించిరి. కాగితపు స్తంభమని వారికి తెలియకపోలేదు. ఆ వేషధారి పగలెల్ల ఉపవాసముండినాడనియు వారికి తెలియును.

ప్రేక్షకులు దీనికి జాలితో చప్పట్లు కొట్టిరని కొందరనవచ్చును. నేనట్లు తలపను. జాలిపడువాడు పది నిముషములు చూచి, "పాపము, బాగుగనే చేసినారు" అని లేచిపోవును; ఇంకను చూపుడని కేకలు వేయడు. తక్కువ ధనముతో తీసినంత మాత్రమున ప్రజలు క్షమింతురనుటయు పొరపాటే. స్పీల్‌బర్గ్ చిత్రము ధనమార్జించుట చూచి, అదే మూసలో చవుకగా నిధివేట చిత్రములు తీసినవారు కలరు. 1985లో వచ్చిన 'కింగ్ సాలమన్స్ మైన్స్' అట్టిది. దానిని, దాని తరువాతి భాగమును జింబాబ్వే దేశమున వెంట వెంటనే తీసిరి. వారికి పేరుగల నటులుండిరి. పిల్లల కంటె వేయి మడుగులు ధనముండెను. విమర్శకులు పెదవి విరిచిరి. అచట చవుక కనిపించినది, శ్రద్ధ కనిపింపలేదు.

2003లో ఆస్టిన్ నగరముననే బాలుర చిత్రమును పూర్తిగా ప్రదర్శించిరి. అప్పటికి బాలురు ముప్పది దాటినవారు. సభ లేచి నిలుచుండి కరతాళధ్వనులు చేసెను. టేపు స్పీల్‌బర్గ్ చేతికి చేరగా, ఆయన వారికి మెచ్చుకొనుచు ఉత్తరములు వ్రాసెను. తరువాత వారిని పిలిపించి మాటలాడెను. కథపై హక్కు వారిది కాదు కావున దానిని మామూలు చిత్రములవలె విడుదల చేసి సొమ్ము చేసికొనుటకు వీలు లేకపోయెను.

ఈ చిత్రమును మెచ్చుకొనుచునే నాకొక అభ్యంతరము కలదు. అది పెద్ద చిత్రమునకును, పిల్లల చిత్రమునకును సమానముగా చెందును. కథారంభమున ఈ పండితుడు ఒక పురాతన దేవాలయమున ప్రవేశించి, బంగారు విగ్రహమును పీఠము మీదనుండి ఎత్తుకొని పరుగెత్తును. ఆలయము కూలును. ఏ రాయి ఎచట నుండెనో వ్రాసికొనడు. ఒక కొలత తీయడు. ఇది పురాతత్త్వము కాదని ఆ శాస్త్రమునందు పనిచేయువారు నాటినుండి మొరపెట్టుచునే యున్నారు. సభలు దీనిని గమనింపవు. గుండు ఫైబర్‌గ్లాసుదని గుర్తించిన కన్నులకు ఈ దొంగతనము కనబడదు. డబ్బుతో పనిలేని లోపమిది. దిద్దుటకు పైసా ఖర్చు లేదు.

నాకిది పట్టుటకు కారణము మన దేశపు దిబ్బలే. 1790వ దశకమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు గారు అమరావతిలో క్రొత్త పట్టణము కట్టించునప్పుడు, పనివారు ఇటుకకును రాతికిని అచటి దిబ్బను త్రవ్విరి. 1797లో కర్నల్ మెకంజీ వచ్చి చూచుసరికి మహాస్తూపము చాల భాగము చెదరిపోయెను. లంకెబిందెలకై రాత్రివేళ గునపములతో బయలుదేరువారి కథలు మీకు నాకంటె నెక్కువగా తెలియును. త్రవ్వకమన నేమో చూడదలచినచో నాగార్జునకొండను తలచుకొనవలెను. కృష్ణపై ఆనకట్ట వచ్చి ఆ లోయ మునిగిపోవునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు ఆ లోయనంతయు పొర తరువాత పొరగా త్రవ్వి, వ్రాసికొని, కొన్ని కట్టడములను రాయి వెంట రాయి విప్పి కొండపైకి చేర్చి మరల నిలిపిరి. అచట కొరడా లేదు. కుంచెయు, కొలబద్దయు, చిట్టాపుస్తకమును గలవు. అట్టి పనిపై చిత్రము తీసిన జనులు చూతురా యని నన్నడిగిన, మిసిసిపి బాలురవంటి వారు తీసిన చూతురనియే నా నమ్మకము.

బాలుర చిత్రములో ఒక ఘట్టము మాత్రము మిగిలిపోయెను. పాములగుంటనుండి వెడలిన నాయకుడు, గుండ్రముగా తిరుగుచున్న విమానము క్రింద ఒక మల్లునితో పోరాడును. తుదకు విమానము పేలిపోవును. విమానమును తేలేక పిల్లలు దానిని విడిచిపెట్టిరి. 2014లో, తమకు నలువది యేండ్లు దాటిన పిమ్మట, వారు మరల గుమిగూడిరి. అభిమానులు చందాలుగా నిచ్చినది 50 వేల డాలర్లకు మించెను. అనగా మొత్తము చిత్రమునకైన దానికి పది రెట్లు, ఒక్క ఘట్టమునకు! విమానపు ఆకారమును కట్టించిరి. వానలు కురిసి పని నిలిచిపోయెను. బురదలో నిలుచుండి ఎదురుచూచిరి. తుదకు తీసిరి.

విమానము చక్కగా పేలినది. పొగ, మంట, అన్నియు పెద్ద చిత్రమునకు దగ్గరగా నున్నవి. కాని దీనిని చూచునప్పుడు నాకు కలిగిన సంతోషము విమానమువలన కలిగినది కాదు. ఈ ఘట్టమును దాని చోట నుంచి చూచినయెడల, పాములగుంటనుండి ప్రాకి బయటికి వచ్చునది మీసములు రాని పిల్లవాడు. అతడు విమానమువద్దకు చేరునప్పటికి నలువది దాటిన గృహస్థు. నడుము కొంచెము పట్టినట్లు కూడ తోచును. పోరాటము ముగించి లారీ నెక్కబోవునప్పటికి మరల పిల్లవాడే.