అయస్కాంత భ్రామకం – మన ఒంట్లోని ఇనుము – పరుపుల బేరం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. డి.ఆర్. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. ఇక నా వంతుకు మిగిలింది అయస్కాంతం. నవ్వకండి. మన సభ్యుల పింఛను డబ్బు ఈ మధ్య ఎక్కువగా పోతున్నది ఆ దారినే.

మీలో చాలామందికి అనుభవమే. ఏదో ఒక హాలు అద్దెకు తీసుకుంటారు. ఉచితంగా బి.పి. చూస్తామంటారు. టీ, బిస్కట్లు ఇస్తారు. తరవాత ఒక పరుపు తెచ్చి పరుస్తారు. అందులో అయస్కాంతాలు కుట్టి ఉంటాయి. వాళ్ళు చెప్పే మాటలు మూడు. మన రక్తంలో ఇనుము ఉంది గనుక అయస్కాంతం దాన్ని లాగి రక్తప్రసరణ పెంచుతుందనేది మొదటిది. పెద్దాసుపత్రుల్లో ఎమ్.ఆర్.ఐ. యంత్రం పనిచేసే సూత్రమూ ఇదేననేది రెండోది. కొన్నాళ్ళు పడుకుంటే ఇక మాత్రలతో పనిలేదనేది మూడోది. నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడు నడుం నొప్పికి ఇలాంటి పరుపు కొన్నాడు. ఆ తరవాత కాలు తిమ్మిరెక్కడం మొదలైంది. విజయవాడ డాక్టరుగారు ఎమ్.ఆర్.ఐ. తీయించమంటే, "రోజూ అయస్కాంతం మీదే పడుకుంటున్నాను గదా, మళ్ళీ ఆ ఖర్చెందుకు?" అని ఆరు నెలలు వాయిదా వేశాడు.

ఈ మూడు మాటల్లో నిజమెంతో తేల్చడానికి భౌతికశాస్త్రంలో ఒక్క మాట తెలిస్తే చాలు. అది అయస్కాంత భ్రామకం. నేను సైన్సు మాస్టారిని కాను. నందిగామ తాలూకాఫీసులోనూ, 1985 తరవాత మండలాఫీసులోనూ ఫైళ్ళు రాసినవాణ్ణి. కానీ ఫైలును మొదటి కాగితం నుంచి చదవడం అలవాటు. మా మనవరాలి ఇంటర్మీడియట్ పుస్తకం ముందు పెట్టుకుని, దాన్నీ అలాగే చదివాను.

ఇంగ్లీషులో మొమెంట్ అంటే క్షణమని మనకు తెలుసు. ఇక్కడ ఆ అర్థం కాదు. తిప్పే శక్తి అని అర్థం. అందుకే మనవాళ్ళు భ్రామకం అన్నారు, భ్రమణంలోని భ్రమ అది. బంధుల పక్కన చెయ్యి పెట్టి తలుపు తోసి చూడండి, కదలదు. అంచున చిటికెన వేలితో తోసినా తిరుగుతుంది. బలం ఎంత అన్నదొక్కటే కాదు, ఎంత దూరాన పడింది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఆ రెంటినీ కలిపిన లెక్కే బల భ్రామకం.

ఇప్పుడు దిక్సూచి ముల్లు తీసుకోండి. దాన్ని తూర్పు పడమరలుగా తిప్పి వదిలితే చప్పున ఉత్తర దక్షిణాలకు తిరుగుతుంది. ఎంత జోరుగా తిరుగుతుందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి బయటి అయస్కాంత క్షేత్రం, అంటే భూమిది. రెండోది ఆ ముల్లుకు సొంతంగా ఉన్న సత్తా. ఈ రెండోదానికే అయస్కాంత భ్రామకమని పేరు. ముల్లు క్షేత్రానికి అడ్డంగా ఉన్నప్పుడు తిప్పుడు ఎక్కువ, వరసలోకి వచ్చేసరికి సున్న.

ఇక్కడొక సూక్ష్మముంది, పరుపుల వాళ్ళు దాన్ని ఎన్నడూ చెప్పరు. భూమి ముల్లును తిప్పుతుందే గాని లాగదు. పళ్ళెంలో నీళ్ళు పోసి, బెండు ముక్క మీద అయస్కాంతానికి రుద్దిన సూది పెట్టి చూడండి. సూది తిరిగి ఉత్తరం చూస్తుంది. అంతే, పళ్ళెం ఉత్తరపు అంచుకు ఈదుకుంటూ పోదు. క్షేత్రం అన్ని చోట్లా ఒకేలా ఉంటే తిప్పుడే ఉంటుంది. ఒకచోట ఎక్కువ, పక్కన తక్కువ అయితేనే లాగుడు పుడుతుంది. సూదంటురాయి సూదిని లాగేది దాని కొన దగ్గర క్షేత్రం గబగబా మారుతుంది గనుక.

ఈ సత్తా సూదికి ఎక్కడిది? 1820లో ఓర్‌స్టెడ్ అనే డెన్మార్కు ఆచార్యుడు కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. ఆ వెంటనే ఫ్రాన్సులో ఆంపియర్, చుట్టగా చుట్టిన తీగలో కరెంటు పారితే ఆ చుట్టే ఒక అయస్కాంతమని చూపించాడు. కరెంటును చుట్ట వైశాల్యంతో హెచ్చించి, ఎన్ని చుట్లుంటే అన్నిరెట్లు చేస్తే దాని భ్రామకం వస్తుంది. మన పొలాల్లో మోటార్లు, ఇంట్లో పంకాలు తిరిగేది ఈ లెక్కతోనే.

అణువు దగ్గరకు వెళితే ఎలక్ట్రానుకు పుట్టుకతోనే ఒక భ్రామకం ఉంది. 1922లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ అనే ఇద్దరు వెండి ఆవిరిని సన్నని ధారగా అసమాన అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అది రెండు పాయలుగా చీలింది. దాని కారణమైన స్పిన్ భావన 1925లో వచ్చింది. దీని విలువను సిద్ధాంతంతో లెక్కకట్టినదీ, ప్రయోగంలో కొలిచినదీ పక్కపక్కన పెడితే దశాంశ బిందువు తరవాత పదికి పైగా అంకెలు కలుస్తాయి. మన ట్రెజరీ లెక్కలు ఎన్నడైనా అలా కలిశాయా? ప్రోటాను దగ్గర మాత్రం ఆడిట్ అభ్యంతరం వచ్చింది. 1933లో స్టెర్న్ బృందం కొలిస్తే లెక్క ప్రకారం 1 ఉండవలసినది రెండున్నర చిల్లర వచ్చింది. ఇప్పటి విలువ 2.79. ప్రోటాను ఏకాండీ వస్తువు కాదు, దానిలోపల ఇంకా సరుకుందని దొరికిన తొలి ఆచూకీల్లో అదొకటి.

ఇక ఇనుము సంగతి. చాలా పదార్థాల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. జమా, ఖర్చు సరి, నిలవ సున్న. ఇనుప అణువులో కొన్ని జంట లేకుండా మిగులుతాయి గనుక ఒక్కో అణువుకూ భ్రామకం ఉంటుంది. మేకులో కోటానుకోట్ల అణువులు పక్కపక్కన చేరి, ఒకరినొకరు చూసుకుని గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకు నిలబడతాయి. మేకును అయస్కాంతం లాగేది ఆ కట్టుబాటు వల్ల. అణువులు విడివిడిగా ఉంటే ఆ కట్టుబాటు లేదు. మన జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఇలాంటి ఫ్యాక్టరీల్లో రాయి మోసే బెల్టుల పైన పెద్ద అయస్కాంతాలు వేలాడదీస్తారు. రాతిలో కలిసిపోయిన మేకులు, బోల్టులు ఎగిరి దానికి అతుక్కుంటాయి. అదే బెల్టు మీది ఎర్రరాతిలోనూ ఇనుము ఉంటుంది, తుప్పు రూపంలో. అది ఎగరదు.

రక్తం కథ ఇంకా చిత్రమైనది. మన ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే సుమారు 4 గ్రాములు, చిన్న మేకంత. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబినులో ఉంటుంది. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొర్యెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు రక్తపు అయస్కాంత భ్రామకాన్నే కొలిచారు. ఆక్సిజన్ వదిలేసిన చెడు రక్తంలో ఒక్కో ఇనుప అణువుకు జంట లేని ఎలక్ట్రాన్లు నాలుగున్నాయి. ఆక్సిజన్ పట్టుకున్న మంచి రక్తంలో ఒక్కటీ లేదు, భ్రామకం సున్న! అంటే ఊపిరితిత్తులనుంచి వచ్చే ఎర్రటి రక్తాన్ని అయస్కాంతం లాగకపోగా, నీటిని నెట్టినట్టు అతి స్వల్పంగా అవతలికి నెడుతుంది. చెడు రక్తంలో ఉన్న భ్రామకం కూడా, అణువులు విడివిడిగా ఉండి ఒంటి వేడికి అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటాయి గనుక, లాగుడుకు అక్కరకు రాదు. మొదటి మాట అక్కడితో కొట్టివేయబడింది.

పైగా చిన్న అయస్కాంతం నుంచి కాస్త దూరం జరిగాక, దూరం రెట్టింపయితే క్షేత్రం ఎనిమిదో వంతు అవుతుంది, మూడింతలయితే ఇరవై ఏడో వంతు. మా మిత్రుడి పరుపు మీద పిన్నీసు పెట్టి చూశాం. గుడ్డకు అతుక్కుంది. నాలుగు మడతల దుప్పటి వేసేసరికి నేల మీద పడింది. దుప్పటి దాటని శక్తి చర్మం, కొవ్వు, కండ దాటి వెన్నుపూస దాకా ఏం పోతుంది? 2007లో కెనడా వైద్య సంఘం పత్రికలో ఇలాంటి అయస్కాంతాల మీద జరిగిన పరీక్షలన్నిటినీ పోగుచేసి చూసిన వ్యాసం వచ్చింది. నొప్పికి ఇవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదని తేల్చారు.

అయస్కాంతం లాగని వస్తువులకు భ్రామకం చరిత్రలో చోటు లేదనుకోకండి. పట్టుచీరల మధ్య ఆడవాళ్ళు వేసే కలరా ఉండలున్నాయి చూశారా, ఆ నాఫ్తలీను స్ఫటికాలు కూడా అయస్కాంతం నడుమ వేలాడదీస్తే తిరుగుతాయి. ఒక దిక్కున నెట్టుడు ఎక్కువ, ఇంకొక దిక్కున తక్కువ. ఆ తేడా మీద 1929లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. రాసినది మన పాత కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతంగారు. అప్పటికి ఆయనకు దాదాపు ఇరవయ్యేళ్ళు. కలకత్తాలో రామన్‌గారి దగ్గర పనిచేసేవారు. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, ఉస్మానియాలో వైస్ ఛాన్సలరుగా, 1957 నుంచి 1962 దాకా బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా ఉన్నారు. మనలో ఎక్కువమందికి ఆయన సత్యసాయి బాబాగారి ప్రసంగాలను ఇంగ్లీషులోకి అనువదించిన పెద్దమనిషిగానే గుర్తు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆగిరిపల్లి ఏలూరు జిల్లాకు పోయింది, మనం ఎన్.టి.ఆర్. జిల్లా అయ్యాం. ఆయన్ను మనవాడని చెప్పుకోవడానికి ఏ జీ.వో. అడ్డం రాదు.

ఇక రెండో మాట, ఎమ్.ఆర్.ఐ. ఆ యంత్రం ఇనుము జోలికే పోదు. మన ఒంట్లో నీరు, కొవ్వు ఉన్నాయి. వాటిలో హైడ్రోజన్ ఉంది. దాని కేంద్రకం ఒంటి ప్రోటాను. దాని భ్రామకం ఎలక్ట్రానుదానిలో 658వ వంతు. అంత చిన్నదాని మాట వినాలంటే పెద్ద అయస్కాంతం కావాలి. మామూలు యంత్రం బలం 1.5 టెస్లా, మన ప్రాంతంలో భూమి క్షేత్రానికి సుమారు 35 వేల రెట్లు. ఇంత చేసినా ప్రోటాన్లలో ఎక్కువ భాగం అటూ ఇటూ సమానంగా నిలబడతాయి. పది లక్షలకు ఓ అయిదు మాత్రమే ఒకవైపు అదనం. ఆ అయిదుతోనే బొమ్మంతా వస్తుంది. సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం, అంటే మన ఎఫ్.ఎం. రేడియో కంటే కాస్త కింది మెట్టు, పంపి వాటిని పక్కకు తిప్పుతారు. అవి బొంగరాల్లా తిరుగుతూ మళ్ళీ వరసలోకి వచ్చేటప్పుడు సన్నని రేడియో సంకేతం ఇస్తాయి. నీరున్న చోట ఒక వ్యవధి, కొవ్వులో మరొకటి. ఏ సంకేతం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకునే ఉపాయం 1973లో పాల్ లాటర్బర్ కనిపెట్టాడు. 2003లో ఆయనకూ, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ నోబెల్ వచ్చింది. వెన్నుపూసల మధ్య దిండులో నీరు నిండుగా ఉంటే బొమ్మలో తెల్లగా, ఎండితే నల్లగా కనబడుతుంది. మా మిత్రుడికి చివరకు అలాగే దొరికింది. నల్లబడిన దిండు ఉబ్బి నరాన్ని నొక్కుతున్నది.

గమనించండి, ఆ యంత్రం వైద్యం చెయ్యదు, చూస్తుంది. అరగంట 1.5 టెస్లాలో పడుకుని లేచినవాడి రక్తం ఎటూ పరుగెత్తదు. అలాంటప్పుడు పరుపులోని బిళ్ళలు ఏం పరుగెత్తిస్తాయి?

మూడో మాటకు భౌతికశాస్త్రం అక్కరలేదు. బి.పి., షుగరు మాత్రలు డాక్టరు చెప్పనిదే ఆపకండి. కానీ పేస్‌మేకరున్నవారికి ఒక ముఖ్య విషయం. అయస్కాంతం దగ్గరకు తెస్తే పేస్‌మేకరు పనితీరు మారేలాగానే దాన్ని తయారుచేస్తారు. ఆసుపత్రిలో డాక్టర్లకు అది ఉపయోగం, ఇంట్లో పరుపు మీద ప్రమాదం. కొత్తరకం సెల్‌ఫోన్లలోనూ అయస్కాంతాలుంటున్నాయి, చొక్కా జేబులో పెట్టుకోవద్దు. ఆరంగుళాలు దూరంగా ఉంచమని 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా చెప్పింది.

ఎమ్.ఆర్.ఐ.కి వెళ్ళేవారు పేస్‌మేకరు, మెదడులో క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రం, కంట్లో ఎప్పుడో పడ్డ ఇనుప రజను, వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. స్టెంటు, మోకాలి కీలు వేయించుకున్నవారికి చాలావరకు ఇబ్బంది ఉండదు, అయినా ఆ ఆపరేషన్ కాగితం వెంట తీసుకెళ్ళండి. కొత్త పేస్‌మేకర్లలో కొన్నిటితో స్కాన్ తీయవచ్చు, కార్డు చూపిస్తే వారే చెబుతారు. మొలతాడు, తాయెత్తు, పిన్నీసు, జడపిన్నులు, తాళాలు, కట్టుడు పళ్ళు తీసెయ్యాలి. బంగారాన్ని అయస్కాంతం లాగదు, అయినా తీసి ఇంట్లోవాళ్ళ చేతికివ్వండి. వెంట వెళ్ళినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. యంత్రం శబ్దం చెయ్యనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబయి ఆసుపత్రిలో ఒక రోగి బంధువు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. లోపల పడుకున్నప్పుడు వచ్చే దబదబ చప్పుడుకు భయపడకండి, అది తీగచుట్టలు అదిరే చప్పుడు. ఎక్స్‌రే కిరణాలు ఇందులో లేవు.

ఈ పక్క బల్ల మీద నీళ్ళ పళ్ళెం, బెండు మీద సూది, దిక్సూచి, గుర్రపు నాడా అయస్కాంతం పెట్టాను. భోజనాలకు ఇంకా టైముంది, పిల్లలను తీసుకొచ్చి చూపించండి. పేస్‌మేకరున్నవారు మాత్రం దయచేసి ఆ బల్ల దగ్గరకు రాకుండా దూరంనుంచే చూడవలసిందిగా మనవి.