కొయ్య విమానాల పనితనం



విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున సాయంకాలం షికారుకు వెళ్లేవారికి ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. రోడ్డుకు ఒక ప్రక్క, ఇసుక మీద, కురుసుర అనే జలాంతర్గామి నిలిచి ఉన్నది. రెండవ ప్రక్క టి.యు.-142 అనే పెద్ద విమానం రెక్కలు చాచుకొని ఉన్నది. సముద్రగర్భంలో దాగి తిరిగే జలాంతర్గాములను ఆకాశం నుండి వెదకి పట్టుకొనడం ఆ విమానం చేసిన కొలువు. వేటగాడూ, వేటకు గురి కాదగినదీ ఈనాడు ఎదురెదురుగా విశ్రమించి ఒకే ఉప్పుగాలి పీలుస్తున్నాయి.

ఈ జాతి విమానాలు 1988 లో మన నౌకాదళంలో చేరాయి. 29 ఏండ్లు సేవ చేసి, 2017 మార్చి 29 న అరక్కోణంలో కొలువు విరమించాయి. వాటిలో ఒకటి ఏప్రిల్ 8 న విశాఖకు తుదిసారి ఎగిరి వచ్చినది. దానిని ముక్కలుగా విడదీసి, రోడ్డు మీద తీసుకువచ్చి, సముద్రతీరాన మళ్లీ కూర్చారు. ఆ ఏడాది డిసెంబరు 7 న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

దాని పొడవు 53 మీటర్లు; రెక్కల కొన నుండి కొనకు 50 మీటర్లు. అంతటి విమానాన్ని ఒక పెద్దాయన తన ఇంటి వసారాలో చిన్న బల్ల మీద కొయ్యతో చెక్కుతుండగా చూశాను. ఆయన నౌకాదళంలో విమానాల ఇంజన్ల పని చూసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, మా వీధివారే. ఆయన వద్ద కొన్ని నెలలు నేను శిష్యరికం చేశాను. ఆ విద్యను గురించి, అందులో నేను చేసిన ఒక పొరపాటును గురించి ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

నమూనా విమానమంటే బొమ్మ విమానం కాదు. సంతలో కొన్న బొమ్మకు రెక్కలుంటే చాలు, పిల్లవాడు దానిని విమానమనుకొంటాడు. నమూనాకు అది చాలదు. అసలు దానిలోని ప్రతి కొలతనూ ఒకే పాళ్లలో తగ్గించవలెను. ఈ పనిలో లోకమంతటా వాడుకలో ఉన్న పాళ్లు 72 కు ఒకటి. ఈ అంకె ఎక్కడిదని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆరడుగులకు 72 అంగుళాలు. అనగా ఆరడుగుల మనిషి ఈ లెక్కలో సరిగ్గా అంగుళమంత అవుతాడు. మన తీరాన ఉన్న విమానం ఈ పాళ్లలో 74 సెంటీమీటర్ల పొడవున, 69 సెంటీమీటర్ల రెక్కలతో బల్ల మీదికి దిగుతుంది.

ఇక్కడనే పనివాని కష్టం మొదలవుతుంది. కొలతలు తగ్గినట్లే తప్పులు కూడా తగ్గుతాయని నేను భ్రమపడ్డాను. జరిగేది దానికి విపర్యయం. బల్ల మీద ఒక మిల్లీమీటరు తప్పితే అసలు విమానంలో అది ఏడు సెంటీమీటర్లకు పైబడిన తప్పు. ఆఖరుకు రంగు పూత కూడా ఈ లెక్కకు లోబడినదే. వెంట్రుకవాసి మందాన రంగు పూస్తే, అసలు విమానానికి పావంగుళం దాకా గార పూసినంత పని అవుతుంది. అందుచేత రంగును పలుచగా, పొర మీద పొరగా వేసి, ప్రతి పొరనూ ఆరనిచ్చి, సన్నని గరుకు కాగితంతో రుద్దుతారు. రంగు ఛాయ విషయంలోనూ ఒక మర్మమున్నది. అసలు విమానానికి వేసిన రంగునే యథాతథంగా చిన్న నమూనాకు వేస్తే మన కంటికి ముదురుగా కనిపిస్తుంది. దూరాన ఉన్న వస్తువును గాలితెర కొంత వెలవెలబోయేటట్లు చేస్తుంది గదా! నమూనాను చూడడమంటే అసలుదానిని దూరం నుండి చూడడమే. అందువలన తెలిసిన పనివారు రంగులో కొద్దిగా తెలుపు కలుపుతారు.

పనికి ముందు పటం కావలెను. పై నుండి చూచినట్లు ఒకటి, ప్రక్క నుండి చూచినట్లు ఒకటి, ఎదుట నుండి చూచినట్లు ఒకటి, మొత్తం మూడు పటాలు గీస్తారు. తరువాత కొయ్య. గాలిలో ఎగురవేసే నమూనాలకు దక్షిణ అమెరికాలో పెరిగే బాల్సా కొయ్య పేరుపొందినది. అది బెండువలె తేలిక. ఎగురవేయక, చూచుటకై చేసే నమూనాకు తేలికదనంతో అంత పని లేదు. నునుపు కావలెను, చీలని గుణం కావలెను. అటువంటి కొయ్య మన ముంగిటనే ఉన్నది. వరాహనది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, ఏటికొప్పాక గ్రామమున్నది. అక్కడి పనివారు తరతరాలుగా అంకుడు కర్రను తరిణి పట్టి లక్క బొమ్మలు చేస్తున్నారు. 2017 లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ప్రకృతి రంగులతో ఆ కళకు కొత్త జీవం పోసిన సి. వి. రాజు గారికి 2023 లో పద్మశ్రీ వచ్చినది. మా పెద్దాయన తన విమానానికి అంకుడు కర్రనే ఎన్నుకొన్నారు. గుండ్రని పొడుగాటి విమాన దేహానికి తరిణి పనిని మించినది లేదని ఆయన నమ్మకం.

దేహాన్ని చెక్కే తీరు వినదగినది. రెండు చెక్కలను నడుమ పలుచని కాగితం పెట్టి జిగురుతో అంటిస్తారు. ఆ కాగితపు గీతయే విమానానికి నడిమి రేఖ. ఎటు ఎంత చెక్కినా ఆ రేఖ కనిపిస్తూనే ఉంటుంది గనుక కుడి ఎడమలు సమంగా వస్తాయి. కత్తి మొన పెట్టి ఒత్తితే ఆ రెండు సగాలూ కాగితం వద్ద విడిపోతాయి. లోపల తొలిచి మళ్లీ అంటించవచ్చును. ఇక ముక్కు వద్ద, రెక్కల మొదట, తోక వద్ద దేహం ఎంత లావుండవలెనో అట్టముక్కలతో మూసలు కత్తిరించి ఉంచుకొంటారు. చెక్కుతూ చెక్కుతూ మూసను కొయ్యకు ఆనించి దీపానికి అడ్డంగా పట్టి చూస్తారు. సందులో నుండి వెలుగు కనిపించినదా, అక్కడ తప్పున్నదన్న మాట. ‘కంటిని నమ్మకండి బాబూ, వెలుగును నమ్మండి’ అనేవారు పెద్దాయన.

రెక్కల పని ఇంకను సూక్ష్మమైనది. రెక్క పైభాగం ఉబ్బుగా, క్రిందిభాగం కొంత చదునుగా ఉండవలెను. ముందు అంచు గుండ్రన, వెనుక అంచు పలుచన. కొయ్య నార రెక్క పొడవున పోవలెను. అడ్డంగా పోయినదంటే విరుగుతుంది. టి.యు.-142 రెక్కలు దేహానికి అడ్డంగా సూటిగా ఉండవు. దాదాపు 35 డిగ్రీలు వెనుకకు వాలి ఉంటాయి. ఆ వాలు రెండు ప్రక్కలా ఒక్కటిగా కుదరడానికి వారం రోజులు పట్టినది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి. ఈ విమానానికి ఇంజన్లు నాలుగు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు పంకాలు. ఒక్కొక్క పంకాకు నాలుగు రేకులు. వెరసి 32 రేకులు. అసలు పంకా వ్యాసం అయిదున్నర మీటర్లకు పైన. మన పాళ్లలో ఎనిమిది సెంటీమీటర్లకు లోపు. పెద్దాయనకు శుక్లాలు ముదిరి, సన్నని పనికి చూపు ఆనడం లేదు. కన్నుకు శస్త్రచికిత్స జరిగే లోపున విమానం పూర్తి కావలెనని ఆయన పట్టుదల. చేతులు మునుపటివలె ఉంటాయో లేదోనని ఆయన బెంగ. అందుచేత ఆ 32 రేకులు చేసే పని నాకు అప్పగించారు. వెదురు బద్దలను పలుచగా చీల్చి, నీళ్లలో నానబెట్టి, కొవ్వొత్తి సెగకు చూపుతూ ఒక్కొక్క రేకుకూ మెలి తిప్పాను. మూడు వారాల పని. అన్నీ ఒకే అచ్చులో పోసినట్లు వచ్చినవని గర్వపడి తీసుకువెళ్లాను.

పెద్దాయన వాటిని చేతితో తడిమి చూశారు. ఏమీ అనలేదు. ఎనిమిదవ తరగతి చదివే ఆయన మనుమరాలు ప్రక్కనే ఉన్నది. రెండు పంకాలను ఒకదాని వెనుక ఒకటి పెట్టి ఆ అమ్మాయి చూచినది. ‘తాతయ్యా, ఇవి అన్నీ ఒక వైపే మెలి తిరిగి ఉన్నాయి. బీచిలో ఉన్న విమానానికి వెనుక పంకా మెలి తిరగేసి ఉంటుంది’ అన్నది.

అమ్మాయి మాట నిజం. ఆ ఇంజనులో ముందు పంకా ఒక వైపు తిరిగితే వెనుకది ఎదురు వైపు తిరుగుతుంది. ముందు పంకా వెనుకకు నెట్టిన గాలి సుడి తిరుగుతూ పోతుంది. ఆ సుడిలో వృథా అయ్యే బలాన్ని వెనుక పంకా కొంత రాబట్టుకొంటుంది. అందువలన 16 రేకులు ఒక మెలి, 16 రేకులు దానికి ఎదురు మెలి. నేను ఆ విమానం ప్రక్కగా కొన్ని వందల సార్లు నడిచాను. ఒక్కసారైనా చూడలేదు. ఆ అమ్మాయి నోటు పుస్తకం తీసుకువెళ్లి, విమానం ఎదుట నిలుచుండి, బొమ్మ గీసుకొని వచ్చినది.

నేను ఉక్రోషంతో, ‘మాస్టారూ, ఎలాగూ ఇది ఎగిరేది కాదు గదా! మెలి ఎటు ఉంటే ఏమి?’ అన్నాను. ఆయన నవ్వి, ‘ఎగిరేదయితే తప్పును గాలే పట్టి చెప్పును బాబూ. ఇది ఎగరదు గనుకనే మనం చెప్పుకోవలెను’ అన్నారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి 16 రేకులు పారవేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఎగరని కొయ్యకు ఎగిరేదాని న్యాయం ఎందుకని మీలో కొందరైనా అనుకోవచ్చును. ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం ప్రాణాలతో ముడిపడి ఉండేది. 1942 ఏప్రిల్ 6 న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. కాకినాడ మీద కూడా వేశాయి. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఈనాటికీ ఉన్నది. ఆకాశంలో కనిపించే చుక్క మనదా, శత్రువుదా అని క్షణంలో తేల్చుకోవలసిన కాలమది. ఆ ఏడాదే అమెరికా నౌకాదళం తన దేశపు పాఠశాలల పిల్లలను కొయ్యతో అయిదు లక్షల నమూనా విమానాలు చేసి ఇమ్మని కోరినది. 50 రకాలు, రకానికి 10 వేలు, అన్నీ 72 కు ఒకటి పాళ్లలోనే, అన్నిటికీ నల్లరంగే. ఆ పాళ్లలోని నమూనాను 35 అడుగుల దూరాన పట్టి చూపితే, అసలు విమానాన్ని 2,520 అడుగుల దూరాన, అనగా దాదాపు అర మైలు దూరాన, చూచినట్లే ఉంటుంది. సైనికులకు వాటితో ఆనవాలు పట్టడం నేర్పారు. రెక్క వాలులో పిల్లవాడు చేసిన తప్పు ఎక్కడో ఓడ మీద మిత్రుని విమానాన్ని కూల్చవచ్చును. అందుకనే మూసలు పెట్టి సరిచూచి మరీ తీసుకొన్నారు.

అసలు విమానమే బొమ్మ నుండి పుట్టినదంటే అతిశయోక్తి కాదు. 1878 లో రైటు సోదరులకు వారి తండ్రి బెండు, వెదురు, కాగితంతో చేసిన ఒక ఎగిరే బొమ్మ తెచ్చి ఇచ్చాడు. రబ్బరు తాడు మెలితో అది పైకి లేచేది. అది విరిగిపోతే పిల్లలు తామే మరొకటి చేసుకొన్నారు. పెద్దవారై 1901 లో గాలి గొట్టంలో రెండు వందల దాకా చిన్న చిన్న రెక్కలను పెట్టి పరీక్షించారు. రెండేళ్ల తరువాత మనిషి ఎగిరాడు. ఇప్పటికీ మన విశాఖలోని నౌకాదళ ప్రయోగశాలలో 500 మీటర్ల నీటితొట్టిలో ఓడల నమూనాలను లాగి చూచిన తరువాతనే అసలు ఓడల ఆకృతి తేలుస్తారు.

ఈనాడు అచ్చుపోసిన ప్లాస్టిక్కు ముక్కలు పెట్టెలో దొరుకుతాయి. జిగురు పూసి అతికితే సాయంకాలానికి విమానం తయారు. ముద్రణ యంత్రాలు వస్తువులనే పొర మీద పొరగా పోసి ఇస్తున్నాయి. వాటిని నేను తప్పుపట్టను. కాని ఆ పెట్టెలో పంకా రేకుల మెలి ముందే సరిగా ఉంటుంది. ఎందుకు అట్లా ఉన్నదో అడగవలసిన అవసరం మనకు కలుగదు. కత్తి పట్టి చెక్కేవాడు అడగక తప్పదు. చేతిపని మనకిచ్చే లాభం వస్తువు కాదు, చూపు.

పెద్దాయన విమానం శస్త్రచికిత్సకు రెండు రోజుల ముందు పూర్తి అయినది. కట్టు విప్పిన తరువాత ఆయన మొదట దానిని చేతికి తీసుకొని, కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టి, 32 రేకులనూ వరుసగా చూశారు. ‘మూడవ ఇంజను, వెనుక పంకా. ఒక రేకు కొంచెం పొట్టి’ అన్నారు. మనుమరాలు అప్పుడే నానబెట్టిన వెదురు బద్ద తీసుకువచ్చినది.

ఈసారి మీరు పిల్లలతో సముద్రతీరానికి వెళ్లినప్పుడు, ఆ విమానం ఎదుట ఒక్క అయిదు నిమిషాలు నిలువండి. ఒక కాగితం, ఒక పెన్సిలు పిల్లల చేతికి ఇవ్వండి. వారు ఏమి గీస్తారో చూడండి.