బడి డబ్బుకు మనమే సాక్షులం

(పెనుగొలనులో బడి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో పొదుపు సంఘం సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం)

 

నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాను. మీతోపాటు మిరపతోటకు, పత్తిచేనుకు కూలికి పోయే మనిషిని. నలుగురిలో నిలబడి మాట్లాడాలంటే కాళ్లు వణుకుతున్నాయి. అయినా ఒక మాట చెప్పాలని వచ్చాను. అది బడి డబ్బు మాట.

పేద పిల్లల చదువుకు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. అది ఎవరి డబ్బు? ప్రభుత్వానిది అంటాం. ప్రభుత్వానికి ఎక్కడి నుంచి వచ్చింది? మనం కొనే సబ్బుబిళ్ల మీద పన్ను కడుతున్నాం. నూనె ప్యాకెట్ మీద పన్ను కడుతున్నాం. కనుక అది ఎవరో పెట్టిన భిక్ష కాదు. మన డబ్బే మన పిల్లల కోసం తిరిగి వస్తోంది.

ఆ డబ్బు మూడు దారుల్లో వస్తుంది.

మొదటి దారి తల్లి ఖాతా. 2020 జనవరిలో మన రాష్ట్రంలో అమ్మ ఒడి పథకం మొదలైంది. పిల్లల్ని చదివించే పేద తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు అన్నారు. ఇంట్లో ఎందరు చదువుతున్నా తల్లికి ఒక్కసారే. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ఇందులో ఎందరు పిల్లలు చదువుతుంటే అందరికీ లెక్క కడతారు. ఒక్కో బిడ్డకు 15,000. అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. మిగిలిన 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు పోతుంది. ఈ మరుగుదొడ్డి మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

రెండో దారి వస్తువులు. పుస్తకాలు, సంచి, బట్టలు, బూట్లు ఈ దారిలోనే వస్తాయి. మధ్యాహ్న భోజనం కూడా అంతే. మన రాష్ట్రంలో అది 2003 జనవరిలో మొదలైంది. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఐదో తరగతి లోపు బిడ్డకు పూటకు 100 గ్రాముల బియ్యం లెక్క. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు. చిన్న పిల్లలు 40 మంది తింటే ఎంత బియ్యం ఉడకాలి? 4 కిలోలు. ఇదేమన్నా పెద్ద లెక్కా? రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనకు తెలియని లెక్కా?

మూడో దారి బడి ఖాతా. 2018 నుంచి సమగ్ర శిక్ష అనే పథకం నడుస్తోంది. ఇందులో కేంద్రం వాటా నూటికి 60. రాష్ట్రం వాటా 40. ఈ పథకం కింద ప్రతి బడికీ ఏటా గ్రాంటు ఉంటుంది. పిల్లల సంఖ్యను బట్టి ఆ గ్రాంటు ఇంత వరకు ఇవ్వవచ్చని లెక్క ఉంది.

30 మంది వరకు ఉంటే 10,000 రూపాయలు.
31 నుంచి 100 మంది వరకు 25,000.
101 నుంచి 250 మంది వరకు 50,000.
251 నుంచి 1,000 మంది వరకు 75,000.
అంతకు మించితే లక్ష.

సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మంచినీళ్లు, చిన్న చిన్న మరమ్మతులు, అన్నీ ఇందులోనే. నూటికి పది రూపాయలైనా శుభ్రతకు ఖర్చు చేయాలి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక బడిలో 31 మంది ఉన్నారు. మిరపకాయ కోతలు వచ్చాయి. ముగ్గురు పిల్లల్ని తల్లిదండ్రులు వెంట తీసుకుపోయారు. నెలలు గడిచాయి. వాళ్లు మళ్లీ బడి మొహం చూడలేదు. చివరికి పట్టీలోంచి పేర్లు పోయాయి. 28 మంది మిగిలారు. 25,000 రావలసిన బడికి 10,000 అయింది. పోయింది ముగ్గురే. నష్టపోయింది మిగిలిన 28 మంది కూడా. టీచర్ల లెక్కా ఇలాంటిదే. విద్యాహక్కు చట్టం ప్రకారం చిన్న బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. 61వ బిడ్డ వస్తే మూడో టీచరు. మన బిడ్డ మన ఇంటికే కాదు, బడికీ బలమే.

ఇక నా కథ చెప్తాను. పన్నెండేళ్ల కిందటి మాట. అప్పుడు మేం వేరే ఊళ్లో ఉండేవాళ్లం. ఆ ఊరి పేరు చెప్పను. నన్ను బడి కమిటీలో వేశారు. నాకు అక్షరం ముక్క రాదు. ఇంటికి పుస్తకం పంపేవాళ్లు. చూపించినచోట వేలిముద్ర వేసేదాన్ని. ఏమిటని అడిగేదాన్ని కాదు. అడిగితే నవ్వుతారేమోనని సిగ్గు.

తర్వాత సాయంత్రాలు పోయి చదువు నేర్చుకున్నాను. కూడబలుక్కుంటూ చదవడం వచ్చింది. ఒకనాడు బడికి పోయి ఆ పుస్తకం అడిగి తీసుకున్నాను. ఒక్కో మాటా చదివాను. 'మరుగుదొడ్డికి తలుపు పెట్టించడమైనది' అని ఉంది. కింద నా వేలిముద్ర ఉంది.

ఆ దొడ్డికి తలుపు లేదు. ఏనాడూ లేదు. ఏడో తరగతిలో నా కూతురు బడి మానేసింది ఆ తలుపు లేకనే. అది పెద్దదయింది. చాటు లేనిచోట ఎట్లా పోతుంది? బిడ్డ మానేస్తే దాన్నే తిట్టాను. డబ్బు ఎవరన్నా తిన్నారో, వేరే పనికి వాడారో నాకు తెలియదు. కానీ తలుపు పెట్టారని సాక్ష్యం చెప్పింది మాత్రం నేనే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అందుకే చెప్తున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలని అందులో రాశారు. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేదవాళ్లకు, వెనుకబడినవాళ్లకు వాళ్ల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. బడికి వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో చూడడం కమిటీ పని. అది చట్టం మనకు ఇచ్చిన పని.

మరి మనం ఏం చేయాలి? మీటింగుకు పోవాలి. ఈ ఏడాది ఎంత వచ్చిందో అడగాలి. దేనికి ఖర్చు పెట్టారో బిల్లు చూడాలి. కొన్న వస్తువు కళ్లతో చూడాలి. రాసింది చదివాకే సంతకం పెట్టాలి. లెక్క చూపకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కాగితం రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు.

ఇది మాస్టార్ల మీద తగాదా కాదు. గ్రాంటు ఆలస్యమైతే సొంత డబ్బుతో సుద్దముక్కలు కొనే మాస్టార్లు ఉన్నారు. అలాంటప్పుడు మనమే ముందుకు రావాలి. 'మా బడికి డబ్బు రాలేదు' అని కమిటీ తీర్మానం రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వాలి. ఒక్క హెడ్మాస్టరు అడగడం వేరు, ముప్ఫై మంది తల్లులు సంతకాలు పెట్టి అడగడం వేరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి చదువుల్లో అక్షరాలు నేర్చారు. పాఠం చదివి తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. సారా వద్దని కదిలారు. రాష్ట్రమంతా కదిలింది. వాళ్లూ మనలాంటి కూలినాలి చేసుకునేవాళ్లే.

నా కూతురి చదువు పోయింది. దాన్ని నేను తేలేను. ఇప్పుడు దాని కూతురు నా దగ్గర ఉండి ఒకటో తరగతి చదువుతోంది. రోజూ మనవరాలిని బడి దగ్గర దింపి, ముందుగా ఒకటి చూస్తాను. దొడ్డికి తలుపు ఉందా? గడియ పడుతుందా? ఆ తర్వాతే పనికి పోతాను.

మీరూ చూడండి. చదవండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి. సెలవు.

చర్చించండి

1. మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు ఉన్నారు? ఆ లెక్కన ఎంత గ్రాంటు రావచ్చు?
2. మీ బడి కమిటీలో ఆడవాళ్లు ఎందరు? వారి పేర్లు రాయండి.
3. మీ వీధిలో బడి మానేసిన పిల్లలు ఉన్నారా? ఎందుకు మానేశారు?