చేతిరాతే సాక్షి



అద్దంకి వైపు ఊళ్లలో ఆడవాళ్లు పాలు పోస్తారు. జాకెట్లు కుడతారు. కారం పట్టించి అమ్ముతారు. తీసుకున్నవాళ్లు "మిరపకాయలు అమ్మాక ఇస్తాంలే" అంటారు. కాయలు అమ్ముడవుతాయి. డబ్బు మాత్రం రాదు. గట్టిగా అడిగితే "ఎప్పుడిచ్చావు? ఎంతిచ్చావు?" అంటారు.

గోడమీద బొగ్గు గీతలు వానకు పోతాయి. పుస్తకంలో రాత నిలుస్తుంది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. తేదీ, సరుకు, ధర, ఇస్తామన్న రోజు రాయండి. కింద వాళ్ల సంతకం పెట్టించండి. "మనలో మనకు సంతకాలేంటి పిన్నీ?" అంటే, "మరచిపోకుండా అమ్మా" అనండి.

బాకీకీ గడువుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఇస్తామన్న రోజు నుంచి 3 ఏళ్లలోపే కోర్టుకు వెళ్లాలి. ఆలోపు "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు.

లాయరుకు డబ్బెక్కడిది? 1987 నాటి న్యాయసేవల చట్టం ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆదాయం ఎంతని చూడరు. కోర్టు దగ్గర న్యాయసేవల కమిటీలో అడగాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు తీర్పుతో సమానం.

కష్టం మీది. అడగడం తప్పు కాదు. ఈ రాత్రే మొదటి బాకీ రాయండి.